మూడు గుర్రాలు, ఒకే టీమ్: మొదటి హంటర్ పేస్‌కి ఎలా తయారయ్యాం

అమెరికాలో వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో తూర్పు వైపు ఆష్‌బర్న్, ఆల్డీ, సౌత్ రైడింగ్. డేటా సెంటర్లు, టౌన్‌హోమ్‌లు, వీధికి నాలుగు తెలుగు కుటుంబాలు. పడమటికి కాస్త దూరం పోతే మిడిల్‌బర్గ్. అక్కడ రాతి గోడలు, పచ్చిక బయళ్ళు, గుర్రాలు. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఒక చిన్న బార్న్‌లో, అంటే గుర్రపుశాలలో, నేను రైడింగ్ నేర్పుతాను, గుర్రాల ఫిట్‌నెస్ చూసుకుంటాను. చదివింది తిరుపతి వెటర్నరీ కాలేజీలో. గుర్రం ఎక్కడం నేర్చుకుంది కూడా అక్కడే, ఎన్‌సీసీ రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగంలో. ఈ దేశంలో నాకు వెటర్నరీ లైసెన్సు లేదు కాబట్టి వైద్యం చెయ్యను, కోచింగ్ మాత్రమే.

ఈ కేసులో ఉన్నది ముగ్గురు తెలుగువాళ్ళు, మూడు గుర్రాలు. ఎప్పుడూ అరీనా (కంచె వేసిన సాధన మైదానం) దాటి పెద్దగా బయటికి వెళ్ళని వాళ్ళు మొదటిసారి హంటర్ పేస్‌కి వెళ్ళారు. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం వాడటం లేదు. బార్న్‌లో మనుషుల్ని ఎలాగూ గుర్రం పేరుతోనే గుర్తుపెట్టుకుంటాం కాబట్టి ఇక్కడా అదే పద్ధతి.

హంటర్ పేస్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. నక్కల వేట సంప్రదాయం నుంచి పుట్టిన సరదా పోటీ ఇది. మిడిల్‌బర్గ్ ప్రాంతంలో ఆ సంప్రదాయం చాలా పాతది. పీడ్‌మాంట్ ఫాక్స్ హౌండ్స్ అనే క్లబ్ 1840 నుంచి ఉంది. ఇంగ్లిష్ వేటకుక్కలు గొప్పవా, అమెరికన్ వేటకుక్కలు గొప్పవా తేల్చుకుందామని 1905లో ఇద్దరు ధనికులు ఇక్కడే పందెం వేసుకున్నారు, అమెరికన్ కుక్కలు గెలిచాయి. హంటర్ పేస్‌లో నక్కా ఉండదు, కుక్కలూ ఉండవు. ఇద్దరో ముగ్గురో కలిసి ఒక టీమ్. ఒక టీమ్ వెళ్ళిన కొన్ని నిమిషాలకి ఇంకో టీమ్‌ని వదులుతారు. బాణం గుర్తులు చూసుకుంటూ పొలాల అంచుల వెంట, అడవి దారుల్లో, వాగులు దాటుకుంటూ వెళ్ళాలి. దారిలో జంపులుంటాయి. మేం పేరిచ్చిన విభాగంలో దూకడం తప్పనిసరి కాదు, పక్కనుంచి వెళ్ళిపోవచ్చు. సగం దూరంలో హోల్డ్ అనే చోట అయిదు నిమిషాలు ఆగాలి, ఆ సమయం లెక్కలోకి రాదు. ఈ దారికి ఇంత టైమ్ సరైనదని నిర్వాహకులు ముందే తేల్చి, చివరిదాకా బయటపెట్టరు. దానికి దగ్గరగా వచ్చినవాళ్ళకి రిబ్బన్. త్వరగా వచ్చేసినా నష్టమే. పైగా టీమ్‌లో చివరి గుర్రం గీత దాటినప్పుడే గడియారం ఆగుతుంది.

ఆ ఆఖరి నియమం మీదే నేను మొత్తం ప్లాన్ కట్టాను.

ఎవరెవరు

బిస్కట్ 17 ఏళ్ళ క్వార్టర్ హార్స్ జాతి గుర్రం. భుజం దగ్గర 15 హ్యాండ్లు, అంటే సరిగ్గా అయిదడుగులు. మంచి స్వభావం, బాగా ఒళ్ళు, లాడాలు లేవు. దాన్ని ఎక్కేది నలభై దాటిన గుంటూరు ఆయన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతుర్ని క్లాసులకి దింపడానికి వచ్చి, కారులో కూర్చోలేక తనూ చేరాడు.

డ్యూక్ ఎనిమిదేళ్ళ థరోబ్రెడ్ జాతి గుర్రం, ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తింది. పొడవాటి కాళ్ళు, పొట్టి ఓపిక. దాని మీద ఆయన కూతురు, పదహారేళ్ళ పిల్ల. ముగ్గురిలో బాగా ఎక్కగలిగేది ఆ అమ్మాయే.

మోలీ బరువైన పనిగుర్రాల జాతి కలిసిన పన్నెండేళ్ళ ఆడగుర్రం. వెనక ఎవరైనా దగ్గరికొస్తే తన్నుతుంది, తోడు లేకపోతే గోల చేస్తుంది. మోలీ వాళ్ళావిడది వరంగల్, ఇక్కడ ఫార్మసిస్ట్. యాభై దాటాక గుర్రం ఎక్కడం మొదలుపెట్టారు.

ఆగస్టు చివర్లో ముగ్గురూ వచ్చి, అక్టోబర్ మధ్యలో జరిగే పేస్‌కి పేరిద్దామనుకుంటున్నాం అన్నారు. "జంప్స్ ఎంత హైట్ ఉంటాయి ఆంటీ?" అని అమ్మాయి. "పడితే అంబులెన్స్ దగ్గర్లో ఉంటుందాండీ?" అని నాన్న. మోలీ వాళ్ళావిడ మాత్రం, "ముందు ఇది ట్రైలర్ ఎక్కుతుందంటారా?" అన్నారు. ట్రైలర్ అంటే గుర్రాల్ని తీసుకెళ్ళే బండి. మూడింట్లో పనికొచ్చే ప్రశ్న ఆవిడదే. సరదా పోటీకి వెళ్ళే చాలామంది జంపుల గురించి టెన్షన్ పడి ఎత్తు తగ్గించుకుంటారు కానీ, రోజు పాడయ్యేది ఎక్కువగా నేల మీదే. ట్రైలర్ దగ్గర, గేటు దగ్గర, పక్క టీమ్ దాటిపోయేటప్పుడు.

మొదటి కొలతలు

ముందు ఒక్కో గుర్రాన్నీ విడిగా, ఎవరూ తొందరపెట్టకుండా, తన సొంత వేగంతో పొలం చుట్టూ తిప్పించాం. ఫోన్‌లో జీపీఎస్ చాలు, ఖరీదైన వాచీ అక్కర్లేదు. వాక్ అంటే మామూలు నడక, అది మూడింటికీ గంటకు 6 కిలోమీటర్ల దగ్గరే. తేడా ట్రాట్‌లో, అంటే వాక్ కంటే వేగమైన కుదుపు నడకలో, తెలిసింది. బిస్కట్ 12కి కాస్త అటూ ఇటూ, మోలీ 13, డ్యూక్ హాయిగా 15.

తర్వాత ముగ్గుర్నీ కలిపి, డ్యూక్‌ని ముందు పెట్టి పంపాను. వీళ్ళు ఎప్పుడు కలిసి బయటికెళ్ళినా అదే వరుస. బిస్కట్ ట్రాట్‌లో అందుకోలేక పది అంగలకోసారి కాంటర్‌లోకి, అంటే దౌడులోకి, వెళ్ళి, మళ్ళీ ట్రాట్‌లోకి పడి, ఊపిరి ఎగబోస్తూ వెనకాల వచ్చింది. మోలీ దాన్ని తన్నబోయింది. ఆయన వెనకనుంచి "జాగ్రత్త! జాగ్రత్త రా!" అని కూతురికి అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపుకి డ్యూక్ చెవులు వెనక్కి తిప్పి ఇంకా వేగం పెంచింది.

దిగాక స్టెతస్కోపు పెట్టి గుండె వేగం చూశాం. ఎడమ మోచేతి వెనక పెట్టి, 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చించడమే. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. పని ఆపాక ఎంత త్వరగా దిగుతుందన్నదే ఫిట్‌నెస్‌కి కొలత. ఎండ్యూరెన్స్ అనే సుదూర ప్రయాణ పోటీల్లో గుర్రాన్ని ముందుకు పంపడానికి సాధారణంగా 60 లేదా 64 దగ్గర గీత గీస్తారు. నేనూ 64 పెట్టుకున్నాను. ఆపిన పది నిమిషాలకి డ్యూక్ 52, మోలీ 56, బిస్కట్ 72. అప్పుడు ఎండ కూడా ఎక్కువే, అయినా 72 అంటే ఆ వేగం దానిది కాదని అర్థం.

దూరం సుమారు 11 కిలోమీటర్లని నిర్వాహకులు ముందే చెప్పారు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. సగం సమయం వాక్, సగం సమయం బిస్కట్ ట్రాట్ అనుకుంటే సగటున గంటకు 9 కిలోమీటర్లు. 11 కిలోమీటర్లకి 73 నిమిషాలు. "సగం టైమ్ వాకింగేనా?" అని అమ్మాయి మొహం మాడ్చుకుంది. వాళ్ళ నాన్న మొహం వెలిగింది.

ఒంటి పని

వారానికి మూడు నాలుగు రోజుల పని. ఒకరోజు నెమ్మదిగా ఎక్కువ దూరం, ఒకరోజు వాలు మీద ట్రాట్, ఒకరోజు టీమ్ సాధన. ఒకే వారంలో దూరాన్నీ వేగాన్నీ కలిపి పెంచకూడదన్నది ఒక్కటే కఠిన నియమం. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. స్నాయువులకి, ఎముకలకి నెలలు కావాలి. అందుకే నాలుగు వారాలయ్యేసరికి గుర్రం ఉషారుగా ఎగురుతుంది, సరిగ్గా అప్పుడే కాళ్ళు దెబ్బతింటాయి. గిట్ట సంగతి ఇంకా ఆలస్యం. నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆగస్టులో మొదలుపెట్టిన పోషణ అక్టోబర్ గిట్టలో కనిపించదు.

ఆగస్టు, సెప్టెంబర్‌లలో వర్జీనియా ఉక్క విజయవాడకి ఏమాత్రం తీసిపోదు. ఇక్కడ గుర్రాలవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకి గాలిలో తేమ శాతం కలుపు. 130 లోపైతే భయం లేదు. 150 దాటితే పని తగ్గించు. 180 దాటితే గుర్రాన్ని బయటికే తియ్యకు. కొన్ని రోజులు పొద్దున్నే ఏడింటికే 150 దాటేది. అప్పుడు నీడలో వాక్ చేయించి ముగించేవాళ్ళం.

చల్లార్చడం గురించి మోలీ వాళ్ళావిడతో చిన్న వాదన అయింది. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయని ఆవిడకి ఎవరో చెప్పారట. ఈ భయం ఇక్కడి పాత బార్న్‌లలోనూ ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు, ఆ ఎండలో గుర్రాలు ఏమవుతాయోనని జరిగిన పరిశోధనల్లో చన్నీళ్ళు పొయ్యడం ప్రమాదం లేనిదని, బాగా పనిచేస్తుందని తేలింది. ఒళ్ళంతా ఆపకుండా పోస్తూ ఉండాలి. తాగే నీళ్ళ సంగతీ అంతే. పని అయిన వెంటనే గుర్రం తాగుతానంటే తాగనివ్వాలి. దాని చెమటలో ఉప్పు మన చెమటలో కంటే ఎక్కువ పోతుంది కాబట్టి మూడింటికీ దాణాలో రోజూ మామూలు ఉప్పు కలిపాం. బిస్కట్‌కి దాణా దాదాపు తీసేసి, గడ్డి తూకం వేసి ఇచ్చాం. సెలవు రోజున డ్యూక్ దాణా కూడా సగానికి తగ్గించాం. పని లేని రోజు పూర్తి దాణా తిని మర్నాడు గట్టిగా పనిచేస్తే కొన్ని గుర్రాలకి తొడ కండరాలు రాయిలా బిగుసుకుపోతాయి.

మనుషుల ఒళ్ళు ఇంకో సమస్య. రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి రికాబుల్లో నిలబడి, పిరుదులు జీనుకి తగలకుండా టూ-పాయింట్‌లో ఎంతసేపు ఉండగలడు? బిస్కట్ వాళ్ళాయన మొదట్లో రెండు నిమిషాలు దాటలేదు. అలిసిపోయిన రైడర్ జీను మీద ధబ్ ధబ్‌మని పడతాడు, పగ్గాలు పట్టుకుని వేలాడతాడు. నడుం నొప్పి గుర్రానికి. ఆఫీసులో మెట్లెక్కమన్నాను, ఇంట్లో పళ్ళు తోముకుంటున్నంతసేపూ మోకాళ్ళు వంచి నిలబడమన్నాను. ఆ రెండోది చూసి ఇంట్లో నవ్వుకున్నారట. సెప్టెంబర్ చివరికి ట్రాట్ ఒక విడత మొత్తం నిలబడగలిగాడు.

అసలు పని: కలిసి ఉండటం

సాధన సమయంలో సగానికి పైగా దీనికే పెట్టాను. మూడు గుర్రాలకీ మూడు వేరు వేరు జబ్బులు. డ్యూక్‌కి ముందు ఎవరూ ఉండకూడదు, మోలీకి వెనక ఎవరూ ఉండకూడదు, బిస్కట్‌కి తొందర ఉండకూడదు.

వరుస దానంతట అదే తేలింది. తన్నే గుర్రం చివర ఉండాలి, కాబట్టి మోలీ ఆఖరు. వేగం నిర్ణయించేది బిస్కట్ కాబట్టి అది ముందు. డ్యూక్ మధ్యలో, బిస్కట్‌కి రెండు గుర్రాల పొడవంత వెనక. అమ్మాయికి ఇది అవమానంగా అనిపించిందని తెలుసు. కానీ ముందు స్థానంలో డ్యూక్‌ని అదుపు చెయ్యడం కంటే, మధ్యలో దాన్ని ఓపిగ్గా ఉంచడం కష్టమైన పని. కష్టమైన పని బాగా ఎక్కేవాళ్ళకే ఇవ్వాలి. ఆ మాటే చెప్పాను.

రేసు గుర్రం గురించి ఒకటి తెలుసుకోవాలి. మలక్‌పేట రేస్‌కోర్సులో తెల్లవారుజామున గుర్రాల వ్యాయామం చూసినవాళ్ళకి అర్థమవుతుంది. పక్కకి ఇంకో గుర్రం వచ్చిందంటే అది మెడ చాచి ముందుకెళ్తుంది. పగ్గాలు బిగిస్తే ఇంకా గట్టిగా ఆనుకుని పరుగెత్తుతుంది, ఎందుకంటే రేసుల్లో బిగువు అంటే వెళ్ళమని. కాబట్టి మామూలు రైడర్ భయపడి చేసే పని, పగ్గాలు లాగిపట్టడం, డ్యూక్‌కి సరిగ్గా వ్యతిరేక సందేశం. అమ్మాయికి నేర్పింది ఇది: ఒక్కసారి పట్టి వెంటనే వదులు, జీనులో కూర్చో, ఊపిరి బయటికి వదులు, పక్కకి తిప్పు. వినడానికి తేలిక. ముందు గుర్రాలు ఉరుకుతుంటే పగ్గం వదలాలంటే గుండె ధైర్యం కావాలి.

వెడల్పాటి పొలాల్లో ముగ్గుర్నీ పక్కపక్కనే నడిపించాం. మధ్యలో బిస్కట్, మోలీకి దూరంగా చోటు. ముందూ వెనకా అన్నది లేకపోతే తరమడం అనే ఆలోచనే రాదు. వాక్‌లో, ట్రాట్‌లో ఇది అద్భుతంగా పనిచేసింది. కాంటర్‌లో మాత్రం డ్యూక్‌కి పాత ఉద్యోగం గుర్తొచ్చింది. అందుకని కాంటర్ అంటే ఒకరి వెనక ఒకరే, అదీ ఎగువ వాలు మీదే, తక్కువసేపే.

మోలీకి విడిపోవడం నేర్పాలి. అడవిలో దారి రెండుగా చీలి కొంత దూరంలో మళ్ళీ కలిసే చోటు మాకు ఒకటి ఉంది. మొదట్లో విడిపోయిన పదంగలకే కలిసిపోయేలా, పొదల సందులోంచి మిగతా రెండూ కనబడుతుండగా పంపాను. తర్వాత కొద్దికొద్దిగా కనబడకుండా. మొదటి వారం మోలీ అరిచిన అరుపు పక్క ఫారం దాకా వినిపించింది. మిగతావాళ్ళు తిరిగి కనబడతారని దానికి నమ్మకం కుదిరేదాకా వేరే మందు లేదు. అరిచినప్పుడు తిట్టకుండా, పరుగెత్తనివ్వకుండా, మామూలుగా నడిపిస్తూ పోవడమే. సెప్టెంబర్ మధ్యకి చెవులు నిక్కించి వినేది కానీ అరిచేది కాదు.

గేటు సాధన అందరికీ బోరు. ఒకరు దిగి తీయాలి, మిగతా ఇద్దరూ దాటి అటువైపు ఆగి, గేటు వైపే మొహాలు తిప్పి నిలబడాలి. దిగినవాళ్ళు గేటు మూసి, ఏ దుంగ మీదనుంచో మళ్ళీ ఎక్కి, రెండు కాళ్ళూ రికాబుల్లో పెట్టుకునేదాకా ఎవరూ అంగ కదలకూడదు. సరదా రైడ్‌లలో నేను చూసిన పాట్లలో చాలా భాగం ఇక్కడే. ఒక కాలు రికాబులో ఉండగా ముందు గుర్రాలు నడిచిపోతాయి, ఈ గుర్రం వాటి వెనక ఉరుకుతుంది, మనిషి నేల మీద. బిస్కట్ పొట్టిది, ఎక్కడం తేలిక, కాబట్టి గేటు పని నాన్నది. డ్యూక్ మొదట్లో మూడు సెకన్లు నిలబడేది కాదు. బలవంతాన నిలబెట్టకుండా చిన్న వలయంలో వాక్ చేయించి, నిలబడగానే పగ్గాలు పొడుగ్గా వదిలెయ్యమన్నాను. విశ్రాంతి దొరికేది నిలబడినప్పుడే అని దానికి మెల్లగా అర్థమైంది.

ఇక అరుపుల సంగతి. ఆయన వెనక సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పే నాన్న. "జాగ్రత్త" అన్న మాటలో రైడర్‌కి ఉపయోగపడే సమాచారం ఏమీ ఉండదు, గుర్రానికి మాత్రం కంగారు అందుతుంది. కాబట్టి గుర్రం మీద ఉన్నంతసేపూ నాలుగు మాటలకే అనుమతి ఇచ్చాను: వాక్, ట్రాట్, గేట్, బొరియ. ఆ చివరిది ఇక్కడి పచ్చికలో గ్రౌండ్‌హాగ్‌లు తవ్వే బొరియల గురించి. గడ్డిలో కనబడవు, గుర్రం కాలు విరిగేంత లోతుంటాయి. ముందున్నవాళ్ళు చెప్పాలి, వెనకవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి. ముగ్గురిలో ఎవరు "వాక్" అన్నా అందరూ వాక్. ఎందుకని అడగకూడదు, తర్వాత ఎత్తిపొడవకూడదు. మోలీ వాళ్ళావిడ ఈ నియమాన్ని మొదటిరోజే ధారాళంగా వాడుకున్నారు, అమ్మాయి విసుక్కుంది. వాడుకునేవాళ్ళు ఉంటేనే నియమం బతుకుతుంది, కాబట్టి నాకు సంతోషమే.

జంపుల గురించి తక్కువే చెప్తాను. రెండు, రెండున్నర అడుగుల దుంగలు, కూప్‌లు. కూప్ అంటే తీగ కంచె మీద రెండువైపులా వాలుగా పలకలు కొట్టిన కోళ్ళగూడు ఆకారం, ఈ ప్రాంతంలో ఎక్కడ చూసినా అదే. నాన్న దూకనన్నాడు, మంచిది. బిస్కట్ పక్కనుంచి వెళ్ళి అవతల దారికి ఓరగా ఆగుతుంది. డ్యూక్ ట్రాట్‌లో వచ్చి దూకి, వాక్‌లోకి దిగి బిస్కట్ పక్కకి చేరాకే మోలీ బయలుదేరాలి. గుర్రం తోటి గుర్రాల వైపు దూకేటప్పుడు తొందరపడుతుంది, వాటిని వదిలి దూకాలంటే మొండికేస్తుంది. అందుకే ఎవరు ఎక్కడ నిలబడాలన్నది జంపు ఎత్తు కంటే ముఖ్యం. మొరాయిస్తే ఇంకొక్కసారి ప్రయత్నం, అప్పటికీ కాకపోతే పక్కనుంచి పోవడం.

కాగితాలు, సామాను

వర్జీనియాలో గుర్రాలు పోగయ్యే ఏ కార్యక్రమానికైనా గత 12 నెలల్లో చేయించిన కాగిన్స్ పరీక్ష నెగెటివ్ కాగితం ఉండాలి. జోరీగల ద్వారా పాకే ఒక రక్తహీనత వైరస్‌కి చేసే పరీక్ష ఇది. మన దగ్గర గుర్రాలకి గ్లాండర్స్ అనే అంటువ్యాధి పరీక్ష ఎలాగో ఇక్కడ ఇది అలాగ. బిస్కట్ కాగితం గడువు సెప్టెంబర్‌లో అయిపోతోందని ముందే చూసుకోబట్టి సరిపోయింది. అమ్మాయి మైనర్ కాబట్టి ఫారం మీద తండ్రి సంతకం. ముగ్గురికీ ఏఎస్‌టీఎం అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉన్న హెల్మెట్లు, చొక్కా మీద ప్రొటెక్టర్ వెస్ట్‌లు. మోలీ తోకకి ఎర్ర రిబ్బన్, అంటే ఇది తన్నుతుంది అని. కొత్తగా పోటీకి వస్తున్న గుర్రానికి ఆకుపచ్చది, అది డ్యూక్‌కి. కొత్త వస్తువు ఏదీ ఆ రోజు మొదటిసారి వాడకూడదని చెప్పాను. కొత్త జీను గుడ్డ రాసి పెట్టే పుండు అయిదో కిలోమీటరులో తెలుస్తుంది.

ట్రైలర్ ఎక్కించడం మోలీకి రోజూ చిన్న పాఠంగా పెట్టాం. ఎక్కు, గడ్డి తిను, దిగు. బండి కదిలించకుండానే చాలా రోజులు గడిపాం.

ఆ రోజు

పొద్దున 45 ఫారెన్‌హీట్, గాలి. చలిగాలికి గుర్రాలు ఉత్సాహంగా ఉంటాయి, అది మంచి వార్త కాదు. మా ప్రారంభ సమయానికి గంటకు పైగా ముందే చేరాం. మోలీ మర్యాదగా ఎక్కి మర్యాదగా దిగింది. డ్యూక్ ట్రైలర్ దిగగానే లోకమంతా వినేలా సకిలించింది. దాన్ని చేత్తో నడిపించడమే మంచిదని అమ్మాయి తనంతట తనే తేల్చుకుంది. నేను హోల్డ్ దగ్గర వాలంటీర్‌గా ఉన్నాను. మిగతా కథ వాళ్ళ జీపీఎస్, వాళ్ళ మాటలు.

గీత దాటేటప్పుడు వాక్‌లోనే బయలుదేరారు. అందరూ చూస్తుంటే నడుచుకుంటూ వెళ్ళడం పదహారేళ్ళ పిల్లకి ఎంత కష్టమో నాకు తెలుసు.

రెండో పొలంలో వెనక టీమ్ కాంటర్‌లో వచ్చింది. సాధన చేసినట్టే పక్కకి తప్పుకుని, వచ్చేవాళ్ళ వైపు మొహాలు తిప్పి ఆగారు. ఆ టీమ్ దాటగానే డ్యూక్ ముందు కాళ్ళు లేపబోయింది. అమ్మాయి పగ్గం వదిలి దాన్ని బిస్కట్ వైపు తిప్పింది. ఆయన చెప్పిన ప్రకారం, "జా" అనే అక్షరం నోటిదాకా వచ్చి ఆగిందట, బయటికి "వాక్" అని వచ్చింది. ముందు వాళ్ళు చెట్ల వెనక మాయమయ్యేదాకా ఆగి, మళ్ళీ నడిచారు. వాగు దగ్గర డ్యూక్ ఆగిపోతే బిస్కట్ ఏమాత్రం చలించకుండా నీళ్ళలోకి దిగింది, దాని వెనకే డ్యూక్ ఒక్క గెంతులో.

హోల్డ్‌కి వచ్చేసరికి మూడూ చెమట పట్టి ఉన్నాయి, ఏదీ రొప్పడం లేదు. చేరగానే బిస్కట్ గుండె 84, అయిదు నిమిషాలకి 64. మోలీ 60. డ్యూక్ 68, కానీ ఊపిరి మామూలుగానే ఉంది. అది అలసట కాదు, చుట్టూ తిరుగుతున్న గుర్రాల హడావుడి. చిగుళ్ళ మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే రంగు తిరిగొచ్చింది. వెళ్ళమన్నాను. డ్యూక్ మాత్రం ఆ అయిదు నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా నిలబడలేదు, అమ్మాయి వలయాలు తిప్పుతూనే ఉంది.

రెండో సగంలో కంకర దారి ఒకటి ఉంది. లాడాలు లేని బిస్కట్ అక్కడ అంగలు కుదించింది. ఆయన "వాక్" అన్నాడు, అంచున గడ్డి మీదికి తీసుకెళ్ళి, ఆ దారి అంతా నడిపించారు. ట్రాట్ చేద్దామనుకున్న చోట అలా కొన్ని నిమిషాలు పోయాయి. ఎవరూ ఎందుకని అడగలేదు. డ్యూక్ దాదాపు అన్ని కూప్‌లూ దూకింది. మోలీ ఒక చోట రెండుసార్లు మొరాయించి పక్కనుంచి వచ్చేసింది.

వాళ్ళ సమయం 79 నిమిషాలు. దాచిపెట్టిన సమయం 68. రిబ్బన్ రాలేదు. మధ్యాహ్నం నిర్వాహకులు పెట్టిన చిల్లీ అనే కూర, మోలీ వాళ్ళావిడ తెచ్చిన పులిహోర రెండూ తిన్నాం. పక్క ట్రైలర్‌వాళ్ళు పులిహోర రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

మర్నాడు

మర్నాడు పొద్దున్నే కాళ్ళు తడిమి వేడి చూడాలి, పేడ, నీళ్ళు చూడాలి, గట్టి నేల మీద సూటిగా ట్రాట్ చేయించి చూడాలి. చాలామంది మానేసేది ఇదే. డ్యూక్, మోలీ బాగున్నాయి. బిస్కట్ ముందు కుడికాలు గిట్టకి పైన నాడి కాస్త గట్టిగా తగిలింది, గట్టి నేల మీద అంగ చిన్నదైంది. మా ఫారియర్ (గిట్టలు చూసి లాడాలు కొట్టే మనిషి) వచ్చి గిట్ట పటకారుతో నొక్కి చూసి, అడుగుభాగం కంకరకి కమిలిందన్నాడు. మెత్తటి నేల మీద కొన్నాళ్ళ విశ్రాంతితో తగ్గిపోయింది. వసంతకాలం పేస్‌కి దాని ముందు కాళ్ళకి రబ్బరు హూఫ్ బూట్లు వేస్తాం. అవి సరిపోతాయో లేదో ఇప్పటినుంచే మా కంకర దారి మీద నడిపి చూస్తున్నాం.

బిస్కట్ వాళ్ళాయన మళ్ళీ అదే విభాగంలో వెళ్తానంటున్నాడు, 68కి దగ్గరగా రావాలని పట్టుదల. అది సాధ్యమే. బిస్కట్ ట్రాట్ ఇప్పుడు 13 దాకా వస్తోంది. కంకర దగ్గర పోయిన నిమిషాలు కూడా మిగులుతాయి. అమ్మాయికి మాత్రం వేగం లెక్కలోకి వచ్చే విభాగంలోకి, వేరే టీమ్‌తో వెళ్ళాలనుంది. డ్యూక్ కాళ్ళకి ఆ సత్తా ఉంది. కానీ అక్కడ కూడా హోల్డ్ ఉంటుంది, గేట్లు ఉంటాయి, దాటిపోయే గుర్రాలు ఇంకా ఎక్కువ ఉంటాయి. డ్యూక్ వేరే గుర్రాల మధ్య అయిదు నిమిషాలు పగ్గాలు వదిలి నిలబడగలిగితే నేనే వెళ్ళమంటానని చెప్పాను. వాళ్ళ నాన్న అప్పుడే స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెడుతున్నాడు. నిన్నటికి రెండు నిమిషాల పది సెకన్లు.